వంటింటి సందేహాలు: కిమ్చి పులవలేదు, అవకాడో మాగలేదు

ప్రశ్న: పిల్లలు కొరియా సీరియళ్లు చూసి కిమ్చి కావాలని ఒకటే గోల. క్యాబేజీ తరిగి, ఆవకాయ లెక్కనే ఉప్పు, కారం, నూనె కలిపి జాడీకెత్తాను. పది రోజులైనా పులవలేదు, నోట్లో పెడితే ఒట్టి ఉప్పు. ఏం చేయాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: దెబ్బ కొట్టింది ఆవకాయ లెక్కే. ఆవకాయలో అంత ఉప్పు, పైన నూనె ఉండేది ఏ సూక్ష్మజీవీ పెరగకూడదనే. కిమ్చికి ఆ సూక్ష్మజీవులే కావాలి. పెరుగును తోడుపెట్టే జాతి బాక్టీరియానే దీన్నీ పులియబెడుతుంది. ఉప్పు ఎక్కువైతే అది పనిచేయదు. నూనె చుక్క కూడా అక్కర్లేదు.

కిలో క్యాబేజీని రెండంగుళాల ముక్కలు చేసి, 50 గ్రాముల గళ్లుప్పు పట్టించి రెండు గంటలు ఉంచండి. అరగంటకోసారి కలపాలి. ఈనె విరక్కుండా వంగితే చాలు. రెండుసార్లు నీళ్లలో కడిగి అరగంట ఓడనివ్వండి. ఇప్పుడొక ముక్క రుచి చూడండి, కూరలో ఉప్పు కంటే కాస్త ఎక్కువ అనిపించాలి. అంతకు మించితే ఇంకోసారి కడగాలి.

చెంచా బియ్యప్పిండిని కప్పు నీళ్లలో గంజి కాచి చల్లార్చండి. అందులో పది వెల్లుల్లి రెబ్బలు, అంగుళం అల్లం నూరి వేయండి. కొరియా వాళ్లు ఉప్పులో ఊరిన చిన్న రొయ్యలు వేస్తారు. మనకు సంతలో దొరికే ఎండు రొయ్యలు తల, తోక తీసి వేయించి, పొడి కొట్టి రెండు చెంచాలు వేస్తే సరిపోతుంది. వాళ్ల కారం రంగే తప్ప ఘాటు తక్కువ. అందుకని కాశ్మీరీ కారం మూడు పెద్ద చెంచాలు, మన కారం ఒకటి. ముల్లంగి, ఉల్లికాడలు మీ ఇష్టం.

ఇదంతా క్యాబేజీ ముక్కలకు పట్టించి, గాజు సీసాలో ఊట పైకొచ్చేదాకా అదిమి, పైన పావు వంతు ఖాళీ వదలండి. లోపల గ్యాస్ పుడుతుంది కాబట్టి రోజుకోసారి మూత వదులు చేయాలి. మన వేసవిలో ఒక్క రోజు, డిసెంబరులో రెండు మూడు రోజులు బయట ఉంచితే బుడగలు, పుల్లటి వాసన వస్తాయి. వెంటనే ఫ్రిజ్‌లోకి. బయటే వదిలేస్తే ముక్క మెత్తబడుతుంది. పచ్చగానో నల్లగానో నూగు బూజు కనిపిస్తే పైపైన తీసేయడం కాదు, సీసా మొత్తం పారబోయాల్సిందే.

ప్రశ్న: అవకాడో తెచ్చిన రోజే ఫ్రిజ్‌లో పెట్టాను. వారం తర్వాత కోస్తే రాయిలా ఉంది, చేదు కూడా.
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: పచ్చికాయను ఫ్రిజ్‌లో పెడితే మాగడం ఆగిపోతుంది. కోశాక ఇక సరిగా మాగదు, ఆ కాయ మీద ఆశ వదులుకోండి. మామిడికాయలా బియ్యం డబ్బాలోనో, అరటిపండుతో కలిపి కాగితం సంచిలోనో పెట్టండి. పొయ్యి దగ్గర వద్దు. మరీ వేడైతే లోపల ఒకచోట నల్లబడి, ఇంకోచోట గట్టిగా మిగులుతుంది. తొడిమ పక్కన బొటనవేలితో నొక్కితే కొంచెం దిగాలి. హాస్ రకం నల్లబడుతుంది కానీ పచ్చరకాలు పండినా పచ్చగానే ఉంటాయి, రంగు చూసి మోసపోకండి.

ఉడికించకండి, చేదెక్కుతుంది. మెదిపి ఉల్లిపాయ, పచ్చిమిర్చి, ఉప్పు, నిమ్మరసం కలిపితే దోసెల్లోకి బ్రహ్మాండం. పోపు పెట్టాలనిపిస్తే చల్లారాక వేయండి.

ప్రశ్న: ఎర్ర డ్రాగన్ ఫ్రూట్ తిన్న మర్నాడు మూత్రం ఎర్రగా వచ్చింది, హడలిపోయాం. పైగా పండు చప్పన.
– ఒక పాఠకురాలు, నరసాపురం

జవాబు: బీట్‌రూట్‌లో ఉండే జాతి రంగే ఇందులోనూ ఉంది. ఒకటి రెండు రోజుల్లో పోతుంది. పండు మానేసి రెండు రోజులైనా ఎరుపు తగ్గకపోతే మాత్రం డాక్టరుకు చూపించండి. ఇక చప్పదనం అంటారా, ఇది చెట్టు నుంచి కోశాక తీపెక్కే పండు కాదు. ఎన్నాళ్లు దాచినా అంతే. చేతిలో బరువుగా ఉన్నది, తోలు మీది రెక్కల చివర్లు కాస్త వాడినది చూసి కొనండి. తెల్ల కండ కంటే ఎర్రదే సాధారణంగా తియ్యన. చల్లబరిచి, నాలుగు చుక్కల నిమ్మరసం పిండుకుంటే రుచి తెలుస్తుంది.