మావారి పేరు మీద విగ్రహమా, స్కాలర్‌షిప్పా?

ప్రశ్న: నా వయసు 61. ఎనిమిది నెలల కిందట మావారు పోయారు. లెక్కల మాస్టారుగా ఆయనకు మంచి పేరు. బీమా డబ్బు వచ్చి బ్యాంకులో ఉంది. అందులో సగం పెట్టి ఆయన పనిచేసిన స్కూల్లో పాలరాతి విగ్రహం పెట్టించాలా, పిల్లలకు ఏటా స్కాలర్‌షిప్ ఇవ్వాలా? ఏడాది తిరిగేలోపు చేసేయాలని నాకుంది. మా అబ్బాయి తొందరపడొద్దంటున్నాడు.

జవాబు: అమ్మా, మీ కోరిక న్యాయమైనది. దాన్ని దండగ ఖర్చని ఎవరన్నా నేను ఒప్పుకోను. తొందర విషయంలో మాత్రం నాదీ మీ అబ్బాయి మాటే. ఆ డబ్బు మీకు ఇంకో ముప్పై ఏళ్లు ఆసరా కావాల్సి రావచ్చు. ముందు ఆయన పేరున ఉన్న అప్పులు, పన్నులు తీర్చండి. మీ ఇంటి ఖర్చుకు, వైద్యానికి 90 ఏళ్ల వయసు దాకా ఎంత కావాలో లెక్క వేయించి పక్కన పెట్టండి. మిగిలినదాంట్లోంచే ఆయన జ్ఞాపకానికి తీయాలి. అది సగం కావచ్చు, పదో వంతే కావచ్చు.

విగ్రహం చేయించడానికి అయ్యే ఖర్చు ఒక్కసారిదే, దాన్ని చూసుకునే ఖర్చు ఏటా ఉంటుంది. వాన నీటిలో ఉండే కొద్దిపాటి ఆమ్లానికే పాలరాయి మెల్లగా కరుగుతుంది, చెక్కిన అక్షరాలు మసకబారతాయి. ఆరుబయట గ్రానైట్ చాలా నయం. ముంతాజ్ కోసం తాజ్‌మహల్ కట్టించిన షాజహాన్ కూడా కట్టి ఊరుకోలేదు, దాని నిర్వహణకు 30 గ్రామాల ఆదాయం రాసిచ్చాడు.

స్కాలర్‌షిప్ నాకు ఎక్కువ నచ్చింది. కానీ దాని లెక్క చాలామంది తప్పుతారు. డిపాజిట్ మీద 8 శాతం వస్తోంది, ధరలు 6 శాతం పెరుగుతున్నాయి అనుకుందాం. వచ్చిన 8 మొత్తం పంచేస్తే అసలు అంతే ఉంటుంది, కానీ 12 ఏళ్లకు ఆ స్కాలర్‌షిప్ విలువ సగమైపోతుంది. ఎప్పటికీ విలువ తగ్గకూడదంటే 2 శాతమే ఇవ్వాలి. అంటే మొదటి ఏడాది ఇవ్వదలచిన మొత్తానికి 50 రెట్లు అసలు కావాలి. ఇంత పెద్ద మొత్తం ఇప్పుడే స్కూలు చేతిలో పెట్టేస్తే, రేపు మీకు అవసరం పడినా వెనక్కి రాదు.

అందుకే నా సలహా: అసలు మీ దగ్గరే ఉంచుకోండి. మీ ఆదాయంలోంచి ఏటా ఒక పిల్లకో పిల్లాడికో ఆయన పేరు మీద ఫీజు కట్టండి. ఆరోగ్యం బాగాలేని ఏడాది ఆపినా తప్పులేదు. శాశ్వత నిధికి ఎంత వెళ్లాలో వీలునామాలో రాయండి, అబ్బాయికి ఇప్పుడే చెప్పండి. ఇలా చేస్తే ఆ పిల్లలను మీరే కళ్లారా చూడొచ్చు కూడా.

ఎవరికివ్వాలన్నది మీ ఇష్టం. ఫస్ట్ వచ్చినవాళ్లకు బహుమతులు ఎలాగూ ఉంటాయి. లెక్కలంటే టెన్షన్ పడుతూ కూడా వదలకుండా కష్టపడే పిల్లలకిస్తే ఒక మాస్టారి పేరుకు బాగా నప్పుతుందని నాకనిపిస్తుంది.

స్కూలుతో ఒప్పందం మాత్రం కాగితం మీదే ఉండాలి. స్కూలు మూతపడినా, వేరేదాంట్లో కలిసిపోయినా నిధి ఎవరికి వెళ్తుంది, పేరు మార్చే హక్కు ఎవరికైనా ఉందా, ఏటా లెక్కలు ఎవరు చూపిస్తారు, మీ తర్వాత పిల్లల ఎంపికలో మీ ఇంటి తరఫున ఎవరు కూర్చుంటారు అన్నవి అందులో రాయించుకోండి. సంతకం చేసేముందు ఒక లాయరుకు చూపించండి.