పానగల్ కట్ట దాకా తొక్కితే మోకాళ్ల ముందువైపు నొప్పి, హైబ్రిడ్ సైకిల్ కొనాలా?

మోకాలి ముందువైపు నొప్పి అన్నారు కాబట్టి సీటు బాగా కిందికి ఉండొచ్చు. అదే ఎత్తులో పెడితే హైబ్రిడ్ (రోడ్డు సైకిల్‌కూ మౌంటెన్ బైక్‌కూ మధ్యరకం) కొన్నా నొప్పి పోదు.

1. గోడ పట్టుకుని ఎక్కండి. పెడల్‌ను పూర్తిగా కిందికి తెచ్చి మడమ ఆనించండి, కాలు నిటారుగా వచ్చేదాకా సీటు పెంచండి. తొక్కేది మాత్రం ముందుపాదంతో. సీటు మీదుండగానే రెండు కాళ్లూ నేలకు ఆనాలని చాలామంది పట్టుబడతారు, తప్పంతా అక్కడే. ఆగినప్పుడు సీటు దిగి నిలబడాలి.

2. ఇలా పెంచితే సీటు గొట్టం మీది 'మినిమమ్' గీత బయటపడుతోందా? గొట్టం అంతకన్నా పైకి లాగొద్దు. ఫ్రేమ్ మీకు చిన్నది, అప్పుడు సైకిల్ మార్చండి.

3. మార్చేదైతే 700×35 నుంచి 40 టైర్ల (35, 40 అంటే మి.మీ.లో వెడల్పు) హైబ్రిడ్ తీసుకోండి. తారు రోడ్డుకూ, ఊళ్ల మట్టిదారికీ చాలు. చవక డబుల్ సస్పెన్షన్ (ముందూ వెనకా స్ప్రింగులు) ఉత్త బరువు.

తుమ్మముళ్లకు పంక్చర్ కిట్ ఎలాగూ కావాలి.