అమ్మకు ఏ మత్తు సూది మంచిది?

ప్రశ్న: మా అమ్మకు 61 ఏళ్లు, బీపీ ఉంది. కింది దవడ పన్ను చోట ఇంప్లాంట్ (ఎముకలో బిగించే కృత్రిమ పన్ను) వేయించాలి. రెండేళ్ల కింద పన్ను తీయించినప్పుడు సూది వేయగానే గుండె దడదడలాడింది. తనకు మత్తు పడదని అప్పటి నుంచి భయం. హన్మకొండలో ఒక డాక్టర్ లిగ్నోకైన్ చాలంటున్నారు, మరొకరు ఆర్టికైన్ అంటున్నారు. ఎవరి మాట వినాలి?
- ఒక పాఠకురాలు, పరకాల

జవాబు: ముందు ఆ దడ సంగతి. మత్తు మందులో కొంచెం అడ్రినలిన్ కలుపుతాం. దానివల్ల రక్తం తక్కువ కారుతుంది, మత్తు ఎక్కువసేపు నిలుస్తుంది. అది కాస్త రక్తనాళంలోకి పోయినా, భయం తోడైనా గుండె దడ వస్తుంది, కొద్ది నిమిషాల్లో తగ్గిపోతుంది. అలర్జీ అయితే దద్దుర్లు, ముఖం వాపు, ఆయాసం ఉంటాయి. అవి వచ్చాయా అని అమ్మను అడగండి. వస్తే డాక్టరుకు తప్పక చెప్పాలి.

ఒక్క ఇంప్లాంట్‌కు రెండు మందులూ సరిపోతాయి. లిగ్నోకైన్ 2 శాతం మందు, 1948 నుంచి వాడుకలో ఉంది. కింది దవడ పళ్లకు దీన్ని ఎక్కువగా దవడ వెనక, నరం దగ్గర వేస్తాం. ఆర్టికైన్ 4 శాతం. ఎముకలోకి బాగా ఇంకుతుంది కాబట్టి పంటి పక్కన చిగుళ్లలో వేసినా చాలాసార్లు పనిచేస్తుంది. కానీ దీన్ని నరం దగ్గర వేస్తే నాలుక, పెదవి తిమ్మిరి చాలా రోజులు ఉండిపోవచ్చన్న అనుమానం ఉంది. అందుకే నేను నరానికి లిగ్నోకైన్, చిగుళ్లకు ఆర్టికైన్ వాడతాను.

మీ అమ్మగారి విషయంలో మందు పేరు కన్నా అడ్రినలిన్ ఎంత అన్నదే ముఖ్యం. 80,000కు ఒక వంతు కలిపినదీ, 2,00,000కు ఒక వంతు కలిపినదీ దొరుకుతాయి. తక్కువ కలిపినది, అంటే 2,00,000ది, మెల్లగా వేయమని అడగండి. బీపీ మాత్రల షీటు చేతికివ్వండి, ప్రొప్రనలాల్ లాంటివి అడ్రినలిన్‌తో కలిస్తే బీపీ పెరగవచ్చు. ఆ రోజు మాత్ర మానొద్దు. బీపీ 180/110 దాటితే నేనైతే వాయిదా వేస్తాను.

సూది వేశాక పది నిమిషాలు ఆగి, "పెదవి దొడ్డుగా అయినట్టుందా అమ్మా?" అని అడుగుతాను. అవునన్నాకే మొదలుపెడతాను. డ్రిల్లింగ్‌లో అదురు, ఒత్తిడి తెలుస్తాయి, నొప్పి మాత్రం తెలియకూడదు. తెలిస్తే చెయ్యెత్తమనండి, ఇంకొంచెం మందు వేస్తారు.

మొద్దు మూడు నుంచి ఐదు గంటలు ఉంటుంది. సంక్రాంతికి ఒకావిడ పంటికి సిమెంట్ వేయించుకుని, ఇంటికెళ్లి సకినాలు నమిలి, తెలియకుండానే పెదవి కొరుక్కుని తెల్లారి వచ్చింది. అమ్మకు మొద్దు వదిలేదాకా చల్లటి మజ్జిగ మాత్రమే ఇవ్వండి.