మీ భర్త సైన్యం, మీ తోడికోడలి నవ్వు

ప్రశ్న: మావారికి 46 ఏళ్లు. బొటనవేలంత ఉండే పాతకాలపు సైనికుల బొమ్మలు కొని, రంగులు వేసి, సెలవు రోజున మా మరిదితో కలిసి బల్ల మీద యుద్ధాలు ఆడతారు. నేను "మళ్ళీ బొమ్మలా?" అంటానని మూడేళ్లుగా పార్సిళ్లన్నీ మరిది ఇంటికి తెప్పించుకుని, అక్కడి నుంచి ఆఫీసు సంచిలో కొద్దికొద్దిగా తెస్తున్నారట. ఈ సంగతి మా తోడికోడలి నోట విన్నాను. నేను తెల్లబోతే "మీకు తెలియదా అక్కా?" అని నవ్వింది. కాపురానికి వచ్చినప్పటి నుంచీ ఆవిడ ధోరణి ఇంతే. ఇంట్లో ఏ విషయమైనా ముందు ఆవిడకే తెలియాలి, అత్తగారు కూడా ఆవిడనే అడుగుతారు. ఇల్లు గడవడానికి, పిల్లల చదువులకు లోటు లేదు, అది ఒప్పుకుంటాను. కానీ ఆ రాత్రి కోపం పట్టలేక రెండు పెట్టెల బొమ్మలు అటక మీదికి విసిరేశాను. తుపాకులు వంగాయి, రంగు పెచ్చులూడింది. ఆయన పల్లెత్తు మాట అనలేదు. అప్పటి నుంచి అసలు మాట్లాడటమే లేదు. ఈ వయసులో బొమ్మలతో ఆడుకోవడం మానసిక లోపమా? అవన్నీ ఆయన చేతనే అమ్మించేయాలంటే ఏం చేయాలి?
– ఒక సోదరి

జవాబు: లోపం కాదమ్మా. అమ్మించనూ వద్దు. మీరు అడిగిన రెండు ప్రశ్నలకూ జవాబు అయిపోయింది. ఇక మీరు అడగని దాని గురించి మాట్లాడుకుందాం.

అంతకు ముందు ఆ "బొమ్మలా?" అన్న మాట సంగతి తేల్చాలి, లేకపోతే నేను చెప్పేది మీ చెవికెక్కదు. 'ట్రెజర్ ఐలండ్' నవల రాసిన రాబర్ట్ లూయీ స్టీవెన్సన్ ముప్పై దాటాక, 1880ల మొదట్లో, ఊపిరితిత్తుల జబ్బుతో స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఉన్నప్పుడు భార్య మొదటి పెళ్లి కొడుకుతో కలిసి నేల మీద తగరపు సైనికులను పరిచి యుద్ధాలు ఆడాడు. 'టైమ్ మెషీన్' రాసిన హెచ్.జి. వెల్స్ అయితే ఈ ఆటకు ఏకంగా నియమాల పుస్తకమే రాసి 1913లో అచ్చు వేయించాడు. అప్పటికి ఆయన వయసు మీవారి వయసే. ఇంకా వెనక్కి వెళితే అప్పటి జర్మన్ రాజ్యమైన ప్రష్యాలో రైస్విట్జ్ అనే ఆయన మొదలుపెట్టిన యుద్ధక్రీడను సైన్యంలో లెఫ్టినెంటుగా ఉన్న కొడుకు తీర్చిదిద్ది, 1824లో సేనానులకు చూపించాడు. వినోదమే అనుకుని వచ్చిన పెద్దలు ఆట ముగిసేసరికి దీన్ని సైనికాధికారుల శిక్షణలో పెట్టాలని తేల్చారు. వీళ్లెవరికీ మతి చెడలేదు. మీ ఆయనకూ చెడలేదు.

ఆ బొమ్మలతో ఆయన ఏం చేస్తారో మీరు ఎన్నడైనా పక్కన కూర్చుని చూశారా? చూసి ఉంటే ఉత్తరంలో ఒక్క వాక్యమైనా ఉండేది. ఇందులో మునిగినవాళ్లు నాకు తెలుసు కాబట్టి చెబుతున్నాను. చాలామంది వాడేది 28 మిల్లీమీటర్ల కొలత. బొమ్మ చేతికి రాగానే పోత పోసినప్పుడు దాని మీద మిగిలిన అచ్చు గీతలను ముందు ఆకురాయితో అరగదీస్తారు. రంగు పట్టేందుకు ప్రైమర్ అనే తొలి పూత పూస్తారు. కోటుకు, ప్యాంటుకు, చర్మానికి, తోలు పట్టీలకు అసలు రంగులు వేస్తారు. నీళ్లలా పలచన చేసిన ముదురు రంగును పైన పారిస్తే అది ముడతల్లోకి దిగి నీడలా నిలుస్తుంది. ఉబ్బెత్తుగా ఉన్నచోట మళ్ళీ లేత రంగు అద్దుతారు. చివరికి వార్నిష్, కాళ్ల కింద మట్టి, గడ్డి. ఇదంతా ఒక్క సైనికుడికి! నెపోలియన్ కాలపు బ్రిటిష్ పదాతి దళం అయిందనుకోండి, ఎర్రకోటు దాదాపు అందరిదీ ఒకటే కానీ కాలరు, చేతుల అంచుల రంగు రెజిమెంటును బట్టి మారుతుంది. అది ఏ రంగో తెలుసుకోవడానికి రాత్రంతా పుస్తకాలు తిరగేసేవాళ్లు ఉన్నారు. పైగా ఆటలో ఒక్క బొమ్మ ఇరవై ముప్పై మంది సైనికులకు లెక్క కాబట్టి ఒక్క పటాలానికే పాతిక బొమ్మలు కావాలి, యుద్ధానికి వందలు. కొందరు శత్రువు సైన్యానికి కూడా తామే రంగులు వేసుకుంటారు, ఎదుటివాడు వేయడేమోనని. మీవారికి ఆ బాధ లేదు, తమ్ముడు ఉన్నాడు.

ఇంత ఓపిక ఉన్న మనిషి అటక మీద పడిన పెట్టెలు చూసి పల్లెత్తు మాట అనకపోవడం నాకు మంచి లక్షణంగా కనిపించడం లేదు. దాని సంగతికి వస్తాను.

మీ ఉత్తరంలో ఆయన గురించి రాసినవి పొడి పొడి వాక్యాలు. వయసు, కొనడం, ఆడటం, దాచడం. కానీ తోడికోడలి దగ్గరికి వచ్చేసరికి మీ కలం పదునెక్కింది. ఆవిడ నవ్వు రాశారు, ఆవిడ కాపురానికి వచ్చినప్పటి సంగతి రాశారు, అత్తగారు ఆవిడను అడగడం రాశారు. సైనికుల బొమ్మలకూ మీ అత్తగారికీ సంబంధం ఏమిటి? మీవారు పార్సిళ్ల సంగతి నేరుగా మీతో చెప్పి తల వంచుకుని ఉంటే మీరు రెండు మాటలు అని ఊరుకునేవారు. పెట్టెలు అటక ఎక్కింది "మీకు తెలియదా అక్కా?" అన్నందుకు. పెద్దకోడలికి తెలియనిది చిన్నకోడలికి తెలిసిందని. ఆవిడ మీద విసరలేనిది బొమ్మల మీద విసిరారు.

ఆ నవ్వులో కాస్త సంతోషం ఉండే ఉంటుంది. లేదని మిమ్మల్ని మభ్యపెట్టను. కానీ ఆవిడ వైపు నుంచి ఒక్కసారి చూడండి. మూడేళ్లుగా బావగారి పార్సిళ్లు అందుకుంటున్నది ఆవిడ. తలుపు తీసి, సంతకం పెట్టి, దాచి, "అక్కకు చెప్పకు" అన్న భర్త మాటను మోస్తున్నది ఆవిడ. ఈ పని ఆవిడ కోరి తెచ్చుకున్నదా? ఎప్పుడో ఒకనాడు బయటపడితే తనకే చెడ్డపేరు వస్తుందని ఆవిడకు తెలియదా? నోరు జారి అన్నదో, విసుగొచ్చి కావాలనే అన్నదో నేను ఇక్కడ కూర్చుని చెప్పలేను. ఎలా అన్నా, ఆ ఇంట్లో నలుగురిలో మీకు నిజం చెప్పింది ఆవిడ ఒక్కతే. అన్నదమ్ములిద్దరూ చెప్పలేదు. ఆ ఇద్దరినీ వదిలేసి మీరు చెప్పినావిడ మీద పడ్డారు.

అన్నదమ్ములు సెలవు రోజున గదిలో చేరి పాచికలు వేసుకుంటూ, టేపుతో దూరాలు కొలుచుకుంటూ గంటల తరబడి కూర్చుంటారు కదా, ఆ గంటలన్నీ మీ తోడికోడళ్లు ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారు? ఇన్నేళ్ల తోడికోడళ్లు ఒకే ఇంట్లో ఒకే మధ్యాహ్నం గడుపుతూ, ఒకరి గురించి ఒకరు మూడో మనిషికి ఉత్తరం రాసుకునే పరిస్థితి రావడమే నాకు చిన్నతనంగా తోస్తోంది. బొమ్మలాట కాదు.

మీ ఆయనను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. సంపాదించేవాడు సరదాకు ఖర్చు పెట్టుకోవచ్చు, దాచకూడదు. భార్యకు తెలియకుండా డబ్బు ఖర్చు చేసి, ఆ సంగతి తమ్ముడికి, మరదలికి తెలిసేలా చేయడం భార్యను పరాయిదాన్ని చేయడమే. ఇందులో నాకు రెండో మాట లేదు. "ఇది నా ఇష్టం, నెలకు ఇంత పెడతాను, నీకు నచ్చినా నచ్చకపోయినా" అని ఎదురుగా చెప్పి ఉంటే మగతనం ఉండేది. ప్రోగ్రెస్ కార్డు దాచే బడిపిల్లాడిలా ఆఫీసు సంచిలో తెచ్చుకోవడం ఏమిటి? ఇప్పుడు మాట్లాడకపోవడం కూడా ఆ దాచడంలో భాగమే. మౌనంగా ఉంటే లెక్క చెప్పాల్సిన పని తప్పుతుంది.

అయితే దీనితో కొంప మునిగిపోతుందేమోనన్న భయం మాత్రం పెట్టుకోకండి. నిజంగా మునిగినవాడి కథ ఒకటి ఉంది. విలియం సైబోర్న్ అనే బ్రిటిష్ సైనికాధికారి నెపోలియన్ ఓడిపోయిన 1815 నాటి వాటర్లూ యుద్ధానికి నమూనా తయారుచేసే పని 1830లో మొదలుపెట్టాడు. ఆ రణరంగం మధ్యనున్న పొలంలోని ఇంట్లో ఎనిమిది నెలలు ఉండి నేల ఎత్తుపల్లాలు కొలిచాడు. యుద్ధంలో పాల్గొన్న అధికారులకు ఉత్తరాల మీద ఉత్తరాలు రాసి ఎవరు ఎక్కడ నిలబడ్డారో రాబట్టాడు. మధ్యలో ప్రభుత్వం డబ్బు ఆపేస్తే అప్పు చేసి మరీ కొనసాగించాడు. 1838లో లండన్‌లో ప్రదర్శిస్తే జనం విరగబడి వచ్చారు, అయినా అప్పు తీరలేదు. 70,000కు పైగా బొమ్మలున్న ఆ నమూనా ఇప్పుడు అక్కడి జాతీయ సైనిక ప్రదర్శనశాల సొత్తు. ఇల్లు గడవడానికి, పిల్లల చదువులకు లోటు లేదని మీరే రాశారు. ఆ రెండింటికీ లోటు రానంతవరకు అమ్మకం మాట ఎత్తే హక్కు మీకు లేదని నా అభిప్రాయం.

ఇక చేయాల్సినవి. అటక మీది పెట్టెలు ఆయన దించేదాకా ఆగకండి, మీరే దించండి. లోహపు తుపాకులు, కత్తులు మెల్లగా వంచితే చాలావరకు దారికొస్తాయి కానీ మీరు ప్రయత్నించకండి, విరిగితే అతకడం కష్టం. పెచ్చులూడిన రంగు ఆయనే వేసుకోవాలి. "పారేసినందుకు తప్పు నాది" అని ఒక్క మాట చెప్పండి. ఆ మాట వెనక "కానీ మీరు కూడా" అని తగిలించకండి. పార్సిళ్ల లెక్క అదే పూట అడిగితే మీ క్షమాపణ బేరంలా ఉంటుంది. లెక్క మరో రోజు, పిల్లలు లేనప్పుడు. అప్పుడు గట్టిగానే అడగండి. నెలకు ఇంతని తేల్చుకోండి, పార్సిళ్లు మీ ఇంటికే రావాలని చెప్పండి, ఉన్నవాటికి రంగు వేయకుండా కొత్త పెట్టె తెరవకూడదని కూడా చెప్పండి. ఈ సరదా ఉన్నవాళ్లలో చాలామంది దగ్గర రంగు వేయని బొమ్మల గుట్ట ఒకటి ఉంటుంది. అది పెరగకుండా ఎవరైనా కాపలా కాస్తే వాళ్లకూ మేలే.

ఒక విషయంలో మాత్రం మీరు సణగండి. కొన్ని లోహపు బొమ్మల్లో సీసం కలుస్తుంది. అరగదీసిన పొడి ఇల్లంతా పరుచుకోకూడదు, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి. బ్రష్ మొన సన్నబడాలని పెదాల మధ్య పెట్టుకునే అలవాటు రంగులు వేసేవాళ్లలో చాలామందికి ఉంటుంది, అది మాన్పించండి.

మీ తోడికోడలికి ఫోను చేయడం మటుకు వాయిదా వేయకండి. ఆయనతో మాట్లాడటానికి ముందే చేయండి. పెద్దవారు మీరు, ముందడుగు మీదే. "మూడేళ్లు నీ నెత్తిన ఈ బరువు పెట్టారు, నాకు తెలియలేదు" అని చెప్పి, ఆవిడ ఏమంటుందో వినండి. సమర్థించుకున్నా, నవ్వినా, ఏడ్చినా పూర్తిగా వినండి. వచ్చే సెలవు రోజున వాళ్లిద్దరూ గదిలో చేరినప్పుడు మీరిద్దరూ బయటికి వెళ్లండి, ఎక్కడికైనా సరే. పార్సిల్ వస్తే అన్నదమ్ములే అందుకుంటారు.

ఇన్ని చేశాక కూడా ఆయన నోరు విప్పకపోతే, లెక్క చెప్పనని మొండికేస్తే మళ్ళీ రాయండి. ఈసారి జవాబు ఆయన పేరనే రాస్తాను.