కరివేపాకు కుండీని ఎప్పుడు లోపలికి తేవాలి?

ప్రశ్న: అమెరికాలో ఒక్లహోమా నగరంలో ఉన్న మా అమ్మాయి ఇంటికి వచ్చి రెండు నెలలైంది. ఇప్పుడు అక్టోబరు చివరి వారం. నిన్న మధ్యాహ్నం ఫ్యాను వేసుకున్నాం. ఫోను చూస్తే వారాంతానికి గడ్డకట్టే చలి అంటోంది. పైగా నిన్న శనివారం అన్న చలిని ఇవాళ ఆదివారానికి జరిపింది. ఈ సూచనలను ఎంతవరకు నమ్మవచ్చు? పెరట్లో కరివేపాకు కుండీ ఉంది. దాన్ని ఎప్పుడు లోపలికి తేవాలి?

జవాబు: మీరున్న నేల తీరే అటువంటిది. మన దేశానికి ఉత్తరాన హిమాలయాలు అడ్డుగా నిలిచి మధ్య ఆసియా చలిగాలిని చాలావరకు ఆపుతాయి. మీరున్న అమెరికా మహా మైదానాలకు పడమట రాకీ పర్వతాలు ఉన్నా అవి ఉత్తరం నుంచి దక్షిణానికి సాగిన వరుసలు కావడంతో, కెనడా ఉత్తరపు కొస నుంచి మెక్సికో సింధుశాఖ దాకా చలిగాలికి అడ్డుపడే కొండ ఒక్కటీ లేదు. ఆకురాలు కాలంలో ఉత్తరాన పొద్దు కుదించుకుపోయి గాలి చల్లబడుతుంది, దక్షిణాన సముద్రం మాత్రం ఇంకా వెచ్చగానే ఉంటుంది. ఈ రెండు గాలులూ ఎదురుపడి చలిగాలి ముందుకు తోసుకొచ్చే అంచునే కోల్డ్ ఫ్రంట్ అంటారు. 1911 నవంబరు 11న ఒక్లహోమా నగరంలో పగలు 83 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 28 డిగ్రీలు నమోదైంది. అదే రోజు అర్ధరాత్రిలోగా అది 17కు, అంటే మైనస్ 8కి పడిపోయింది. ఉదయం పలచని చొక్కాతో బయటికి వెళ్లినవారు ఎలా ఇల్లు చేరారో ఊహించుకోవలసిందే.

ఇక నమ్మకం సంగతి. చలిగాలి దిగుతుందన్న కబురు నాలుగైదు రోజుల ముందు చాలావరకు సరిగానే ఉంటుంది, కానీ ఏ పూటకు దిగుతుందన్నది అంత త్వరగా తేలదు. ఆ గాలిని నడిపించే పై వాతావరణపు అల పసిఫిక్ మహాసముద్రం మీదుగా వస్తుంది. అక్కడ కొలతలు తక్కువ కాబట్టి, అది నేల మీదికి చేరాకే లెక్క కుదురుకుంటుంది. ఫ్రంట్ పన్నెండు గంటలు ఆలస్యమైతే శనివారపు పగటి వేడిమి పది డిగ్రీలకు పైగా మారిపోగలదు. అందువల్ల ఐదు రోజుల ముందు చలి మాటను పట్టించుకోండి, రోజును మాత్రం పెన్సిలుతోనే రాసుకోండి. ఆ రోజున వీధి చివరి జెండాను చూస్తూ ఉంటే సరిపోతుంది: దక్షిణపు గాలికి ఎగురుతున్న జెండా ఒక్కసారి కిందికి వాలి, నిమిషాల్లో ఉత్తరపు గాలికి ఎదురు దిక్కున బిగుసుకుంటే ఫ్రంట్ మీ ఇల్లు దాటినట్టే.

అయితే మొక్కలకు అసలు గండం తరచుగా ఆ రోజున కాక, గాలి పడిపోయిన మరుసటి రాత్రో ఆపై రాత్రో వస్తుంది. మబ్బు లేని నిశ్చలమైన రాత్రి నేల తన వేడిని ఆకాశానికి వదిలేస్తుంది, పైనున్న వెచ్చదనాన్ని కిందికి కలిపే గాలి ఉండదు. థర్మామీటరు సుమారు ఐదడుగుల ఎత్తున ఉంటుంది కాబట్టి, అందులో 36 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే మన లెక్కలో 2 డిగ్రీలు ఉన్నా కింద గడ్డి మీద తెల్లని మంచు పొర పట్టవచ్చు. అక్కడి జాతీయ వాతావరణ సేవ సాధారణంగా 33 నుంచి 36 మధ్య ఫ్రాస్ట్ అడ్వైజరీని (మంచు పొర సూచన), 32కు (మన లెక్కలో సున్నా) గానీ అంతకంటే కిందికి గానీ దిగేలా ఉంటే ఫ్రీజ్ వార్నింగ్‌ను (గడ్డకట్టే చలి హెచ్చరిక) ఇస్తుంది. ఒక మెలిక ఉంది: పైరుల కాలం ముగిసిందని నిర్ణయించాక ఆ ఏటికి ఈ హెచ్చరికలు ఆగిపోతాయి, కాబట్టి హెచ్చరిక లేకపోవడం చలి లేదనడానికి గుర్తు కాదు. కరివేపాకు ఉష్ణదేశపు మొక్క. హెచ్చరిక దాకా ఆగకుండా, రాత్రి ఉష్ణోగ్రత 50 (మన లెక్కలో 10) కిందికి దిగడం మొదలవగానే రాత్రిళ్లు లోపల పెట్టి, వెచ్చని పగళ్లలో బయట ఎండ చూపించడమే మేలని నా అభిప్రాయం.

ప్రశ్న: ఆరు నుంచి పది రోజుల అంచనా పటంలో మా అబ్బాయి ఉండే కాన్సస్‌కు ముదురు నీలం వేసి 60 శాతం అని రాశారు. అంటే విపరీతమైన చలి అనుకోవాలా?

జవాబు: అలా అనుకోనక్కరలేదు. ఆ పటంలో రంగు ముదిరేకొద్దీ పెరిగేది చలి కాదు, చలిగా ఉండే అవకాశం. ఆ పటాన్ని తయారుచేసే అమెరికా ప్రభుత్వ సంస్థ క్లైమేట్ ప్రిడిక్షన్ సెంటర్ 1991 నుంచి 2020 వరకు నమోదైన లెక్కలను ఆధారంగా చేసుకొని, ఆ తేదీలను చల్లనివి, మామూలువి, వెచ్చనివి అని మూడు సమాన భాగాలు చేస్తుంది. ఏ సూచనా లేనప్పుడు ఒక్కో భాగానికి 33 శాతం చొప్పున వస్తుంది. 60 అంటే చల్లని భాగం వైపు మొగ్గు గట్టిగా ఉందని అర్థం. ఎన్ని డిగ్రీలు తగ్గుతుందో అది చెప్పదు. పైగా అది ఐదు రోజుల సగటు. మొదటి రెండు రోజులు ఎండ కాసి తరువాతి మూడు రోజులు వణికించినా, సగటు మామూలుగానే తేలవచ్చు.

ప్రశ్న: వర్షం 30 శాతం అంటే ఊరిలో మూడో వంతు తడుస్తుందనా?

జవాబు: కాదు. మీరు నిలబడిన చోట ఆ వ్యవధిలో కనీసం పావు మిల్లీమీటరు వాన పడే అవకాశం పదింట మూడు వంతులని దాని అర్థం. ఎంతసేపు, ఎంత జోరుగా పడుతుందన్నది ఆ అంకెలో ఉండదు.