చదవకుండా వచ్చే ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్ ఎంఏ: లెక్క ఎక్కడ తప్పుతుంది?

ప్రశ్న: "కేంబ్రిడ్జ్‌లో బీఏ చేసినవాళ్లకు కొన్నేళ్లు ఆగితే పరీక్ష లేకుండా ఎంఏ ఇస్తారట. గౌరవ డాక్టరేట్ లాంటిదేనా? బయోడేటాలో రాసుకోవచ్చా?"

ఇస్తారు. పరీక్ష లేదు, థీసిస్ లేదు, ఒక్క క్లాసూ లేదు. కానీ గౌరవ డాక్టరేట్‌తో మాత్రం పోల్చకండి. అది బయటి మనిషిని పిలిచి శాలువా కప్పడం. ఇది ఇంటి పిల్లాడికి వయసొచ్చిందని పెద్దల పంక్తిలో విస్తరి వేయడం. (డబ్బు కట్టి హోటల్ హాల్లో "డాక్టరేట్" తెచ్చుకుని ఊరంతా ఫ్లెక్సీలు కట్టించే బాపతుతో అసలే కలపకండి.)

ఈ పద్ధతి ఉన్నది మూడు చోట్ల: ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, డబ్లిన్‌లోని ట్రినిటీ కాలేజీ. ఎడిన్‌బరో, గ్లాస్గోల ఎంఏ వేరు, అక్కడ అది నాలుగేళ్లు చదివి తెచ్చుకునే మొదటి డిగ్రీ.

అందరూ తప్పేది లెక్కలోనే. బీఏ వచ్చిన రోజు నుంచి లెక్కేస్తారు. ఆక్స్‌ఫర్డ్‌లో లెక్క మొదలయ్యేది చేరి మెట్రిక్యులేషన్ (మన పదో తరగతి కాదు, విశ్వవిద్యాలయంలో లాంఛనంగా పేరు నమోదు) అయిన టర్మ్ నుంచి, 21వ టర్మ్‌కు అర్హత. ఏడాదికి మూడు టర్ములు కాబట్టి 2018 అక్టోబర్‌లో చేరినవాళ్లు 2025 దాకా ఆగాలి. కేంబ్రిడ్జ్‌లో మొదటి టర్మ్ ముగిశాక ఆరేళ్లు గడవాలి, పైగా బీఏ చేతికొచ్చి రెండేళ్లు నిండాలి. అదే పిల్లాడు కేంబ్రిడ్జ్‌లో చేరి ఉంటే 2024 డిసెంబర్‌కే గడువు తీరేది. డబ్లిన్‌లో బీఏ తర్వాత మూడేళ్లు, రుసుమూ కట్టాలి.

కేంబ్రిడ్జ్ వాళ్ల ఆ రెండేళ్ల నిబంధనే కొందరిని ముంచుతుంది. ఉద్యోగం తొందరలో బీఏ పట్టా తీసుకోకుండా వెళ్లిపోయినవాళ్లు ఆక్స్‌ఫర్డ్‌లోనైతే తర్వాత ఒకే రోజు బీఏ, ఎంఏ రెండూ తీసుకోవచ్చు. కేంబ్రిడ్జ్‌లో కుదరదు. ముందు బీఏ తీసుకోవాలి, మళ్లీ రెండేళ్లు ఆగాలి.

మనవాళ్లు ఎక్కువగా చేరే ఇంజినీరింగ్‌లో ఇంకో మెలిక ఉంది. కేంబ్రిడ్జ్‌లో నాలుగేళ్ల ఎంఇంగ్ (మాస్టర్ ఆఫ్ ఇంజినీరింగ్)తో పాటు బీఏ కూడా ఇస్తారు కాబట్టి ఎంఏ వస్తుంది. ఆక్స్‌ఫర్డ్ ఎంఇంగ్ వాళ్లకు ఎంఏ పట్టా రాదు, గడువు తీరాక ఎంఏ వాళ్లతో సమానమైన హోదా మాత్రం ఉంటుంది.

దరఖాస్తు విశ్వవిద్యాలయానికి కాదు, మీ కాలేజీకి. రాలేనివాళ్లు గైర్హాజరులో తీసుకోవచ్చు. అలా తీసుకుంటే అంతే, వేడుక కోసం ఇంకోసారి పిలవరు. వెళ్లేవాళ్లు గౌను సంగతి తెలుసుకోవాలి. కేంబ్రిడ్జ్‌లో అప్పటికి ఉన్న డిగ్రీ గౌనుతోనే లోపలికి వెళ్లాలి, అంటే బీఏ గౌను, తెల్లటి బొచ్చు అంచున్న హుడ్ (భుజాల మీంచి వీపు మీదికి వేలాడే వస్త్రం). తెలియక ఎంఏ గౌను అద్దెకు తెచ్చుకుంటారు. ఆక్స్‌ఫర్డ్‌లో పట్టాల వేడుక జరిగే షెల్డోనియన్ థియేటర్‌లోకి బీఏ గౌనుతో వెళ్లి, లాటిన్‌లో అడిగినదానికి "దో ఫిదెమ్" అని మాటిచ్చి, బయటికొచ్చి ఎర్ర పట్టు లోపలేసిన ఎంఏ హుడ్ వేసుకుని మళ్లీ లోపలికి రావాలి. రెండూ దగ్గరుండాలి.

కేంబ్రిడ్జ్‌లో పట్టాలిచ్చే సెనేట్ హౌస్‌లో నలుగురేసి ముందుకొస్తారు, వాళ్లను వెంటబెట్టుకొచ్చే కాలేజీ ప్రతినిధి (ప్రీలెక్టర్) చాచిన కుడి చేతి వేళ్లు తలా ఒకటి పట్టుకుని. తర్వాత ఒక్కొక్కరే మోకాళ్ల మీద కూర్చుని చేతులు జోడిస్తే, వైస్ ఛాన్సలర్ ఆ చేతుల్ని తన చేతుల మధ్య పట్టుకుని లాటిన్‌లో నాలుగు మాటలు చెబుతారు. లేచి తల వంచి వెళ్లిపోవడమే.

ఇంతకీ ఇదంతా ఎందుకంటారా? మధ్యయుగంలో బీఏ అంటే సగం దారి. ఏడేళ్ల చదువు పూర్తయితేనే మాస్టర్. పాఠం చెప్పే హక్కు, విశ్వవిద్యాలయాన్ని నడిపే సభలో చోటు అప్పుడే. చదువు మూడేళ్లకు కుదించుకుపోయినా ఆగాల్సిన ఏళ్లు మిగిలిపోయాయి, ఓటూ మిగిలింది. దాన్ని ఎలా వాడారో చూడండి. 1897 మే 21న ఆడవాళ్లకు డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని కేంబ్రిడ్జ్‌లో ఆ సభలో, అంటే సెనేట్‌లో, ఓటింగ్. "వద్దు" అనడానికి ఈ చదవని ఎంఏల వాళ్లు లండన్ నుంచి ప్రత్యేక రైళ్లలో దిగారు. సెనేట్ హౌస్ ఎదుట సైకిలెక్కిన స్త్రీ దిష్టిబొమ్మను వేలాడదీశారు. తీర్మానం చిత్తుగా ఓడిపోయింది. పరీక్షలు రాసి నెగ్గినవాళ్లకు పట్టా లేదు, ఊరికే వచ్చిన పట్టాకు ఓటుంది! 1904 నుంచి 1907 దాకా ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్‌లలో చదివిన ఏడొందల మంది పైచిలుకు స్త్రీలు స్టీమర్ ఎక్కి డబ్లిన్ వెళ్లి, ట్రినిటీ కాలేజీలో పట్టాలు తెచ్చుకున్నారు. "స్టీమ్‌బోట్ లేడీస్" అన్న పేరు అలా వచ్చింది. వాళ్లు కట్టిన రుసుములతో డబ్లిన్‌లో విద్యార్థినులకు హాస్టల్ ఏర్పడింది. కేంబ్రిడ్జ్ ఆడవాళ్లకు డిగ్రీ ఇచ్చింది 1948లో.

ఇక బయోడేటా. పేరు పక్కన ఎంఏ (ఆక్సన్), ఎంఏ (కాంటాబ్) అని రాసుకోవడం తప్పు కాదు, అది రివాజు. "అత్యున్నత విద్యార్హత" అన్న గడిలో మాత్రం బీఏ అనే రాయండి. బ్రిటన్‌లో డిగ్రీల ప్రమాణాలు చూసే సంస్థే ఈ ఎంఏ విద్యార్హత కాదని రాసిపెట్టింది. యూజీసీ నెట్‌కు జనరల్ వాళ్లకు మాస్టర్స్‌లో 55 శాతం కావాలి, దీనికి మార్కుల జాబితాయే ఉండదు, ఏం చూపిస్తారు? హెచ్-1బీ మాస్టర్స్ కోటా అమెరికా డిగ్రీలకే, అక్కడా పనికిరాదు.

ఆఖరుగా, కాలేజీ రికార్డులో ఇంటిపేరు ముందుందో వెనకుందో, పొడి అక్షరమే పడిందో దరఖాస్తుకు ముందే చూసుకోండి. పట్టా మీద అచ్చయ్యేది ఆ రికార్డులోని పేరే. పాస్‌పోర్టుతో సరిపోకపోతే వేడుకకు ముందే కాలేజీకి రాసి దిద్దించుకోండి.