"అనుకున్నవి వారం దాటడం లేదు, డిసిప్లిన్ ఎలా వస్తుంది?": ఒక షిఫ్టు ఉద్యోగి జవాబు

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. వైజాగ్ ఎంవీపీ కాలనీలో రూమ్ తీసుకుని గ్రూప్-2కి చదువుతున్నారు. ప్రతి నెలా ఒకటో తారీఖున నాలుగింటికి లేవాలి, బీచ్ రోడ్డులో పరుగెత్తాలి, పది గంటలు చదవాలి, ఫోన్ ముట్టుకోకూడదు అని కాగితం మీద రాసి గోడకి అంటిస్తారు. ఐదో తారీఖు వచ్చేసరికి ఆ గోడ వైపు చూడాలంటేనే ఇబ్బంది. "నాకు విల్‌పవర్ లేదా? అది ఎలా తెచ్చుకోవాలి?" అని అడిగారు.

విల్‌పవర్ మీద నాకు పెద్ద నమ్మకం లేదు. నేను కూర్మన్నపాలెంలో ఉంటాను, షిఫ్టు డ్యూటీ, వయసు నలభై దాటింది. హెచ్‌బీఏ1సీ అంటే మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష. అది 5.7 నుంచి 6.4 శాతం మధ్య ఉంటే ప్రీడయాబెటిస్, అంటే షుగర్ జబ్బుకి ముందు దశ అంటారు. నాది సరిగ్గా ఆ మధ్యలో తేలింది. డాక్టరు గారు మందులు రాయలేదు, నడవమన్నారు. అప్పటి నుంచి కొన్నేళ్లుగా నడుస్తూనే ఉన్నాను. అలాగని నన్ను ఎరిగినవాళ్లెవరూ క్రమశిక్షణ గల మనిషి అనరు. గ్యాస్ బుక్ చేయమని మా ఆవిడ ఇప్పటికీ మూడుసార్లు గుర్తు చేయాల్సిందే. కాబట్టి నా నడక నిలబడిందంటే దానికి కారణం నా గుణం కాదు, వేరే ఏదో ఉంది. ఆ వేరే ఏదో చెప్పడానికే ఇంత రాస్తున్నాను.

సింహాచలం గిరి ప్రదక్షిణ మీరు చూసే ఉంటారు, మీ రూమ్ ముందు నుంచే వెళ్లి ఉంటుంది. ఆషాఢ పౌర్ణమికి ముందు రోజు కొండ కింద తొలి పావంచా (మొదటి మెట్టు) దగ్గర కొబ్బరికాయ కొట్టి బయల్దేరతారు. అడవివరం, హనుమంతవాక, అప్పుఘర్, ఎంవీపీ, వెంకోజీపాలెం, ఇసుకతోట, కంచరపాలెం, మాధవధార, గోపాలపట్నం మీదుగా చుట్టి మళ్లీ కొండ దగ్గరికి 32 కిలోమీటర్లు. లక్షల మంది నడుస్తారు. అందులో సగం మందిని ఏడాది పొడుగునా పాల ప్యాకెట్‌కి కూడా బండి మీద వెళ్తుంటే చూస్తాం. మరి ఆ రాత్రి వాళ్లకి అంత సంకల్పం ఎక్కడి నుంచి వచ్చింది?

భక్తి అంటారు. భక్తి ఉంది, కాదనను. కానీ ఆ భక్తి మిగతా 364 రోజులూ ఉంది కదా. నేను గమనించింది ఏంటంటే, ఆ రోజు ఎవరికీ నిర్ణయించుకోవాల్సింది ఏమీ మిగలదు. ఏ రోజో పంచాంగం చెప్పేసింది. ఎక్కడ మొదలో, ఏ దారో, ఎక్కడ పూర్తో అందరికీ తెలుసు. పక్కింటివాళ్లు "సాయంత్రం నాలుగింటికి బయల్దేరుతున్నాం, వస్తున్నారుగా?" అనేశారు. దారిలో మంచినీళ్లు, మజ్జిగ, పులిహోర ఎవరో ఒకరు చేతిలో పెడుతూనే ఉంటారు. ఇక మనిషి చేయాల్సింది కాలు కదపడమే. మీ గోడ మీది కాగితంలో కోరికలు ఉన్నాయి కానీ ఈ ఏర్పాటు లేదు.

ఇది నా సొంత సిద్ధాంతం కూడా కాదు. జర్మన్ సైకాలజిస్ట్ పీటర్ గోల్‌విట్జర్ 1999లో ఈ విషయం మీద పేరున్న వ్యాసం రాశారు. ఆయన చెప్పేది సులువుగా చెప్పాలంటే: "వ్యాయామం చేస్తాను" అనుకోవడం వేరు, "ఫలానాది జరగగానే ఫలానా చోట ఫలానా పని చేస్తాను" అని ముందే ముడివేసి పెట్టుకోవడం వేరు. 2002లో అచ్చయిన ఒక అధ్యయనం నాకు బాగా నచ్చుతుంది. ఇంగ్లండ్‌లో కాలేజీ విద్యార్థులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఏమీ చెప్పలేదు. వాళ్లలో 38 శాతం మంది ఆ వారం కనీసం ఒక్కసారి వ్యాయామం చేశారు. రెండో గుంపుకి గుండెజబ్బు గురించి, వ్యాయామం ఎంత మంచిదో వివరంగా చదివించారు. వాళ్లలో చేసినవాళ్లు 35 శాతం! మూడో గుంపుకి అదే చదివించి, దాంతోపాటు ఏ రోజు, ఎన్ని గంటలకి, ఎక్కడ చేస్తారో రాయించుకున్నారు. వాళ్లలో 91 శాతం. మీరు రాత్రిపూట చూసే మోటివేషన్ వీడియోలన్నీ రెండో గుంపు సరుకే. చూడొద్దనను, చూసినందుకు ఒరిగేదేమీ లేదంటున్నాను.

ఇప్పుడు నా నడక సంగతి. వైజాగ్‌లో ఉండేవాడికి వాకింగ్ అనగానే ఆర్కే బీచ్ గుర్తొస్తుంది. తెల్లవారుజామున వాహనాలు ఆపేస్తారు కాబట్టి రోడ్డంతా నడిచేవాళ్లదే, ఎదురుగా సూర్యోదయం, కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియం పక్కన కొబ్బరి బొండాలు. చాలా బాగుంటుంది. కానీ కూర్మన్నపాలెం నుంచి అక్కడికి దాదాపు 20 కిలోమీటర్లు. అరగంట నడకకి గంటన్నర ప్రయాణం ఎవరు చేస్తారు? సంక్రాంతికి వచ్చిన చుట్టాలను తీసుకెళ్లడానికి బీచ్, నా నడకకి మా వీధి. మా వీధి చివర కొట్టు నుంచి పార్కు గేటు దాకా, మళ్లీ వెనక్కి. చూడటానికి ఏమీ ఉండదు, ఫొటో పెట్టుకునేంత అందం అసలే ఉండదు. మీ ఇల్లు బీచ్‌కి దగ్గరే కాబట్టి మీకు ఆ గొడవ లేదు. అయినా ఈ మాట ఎందుకు చెప్పానంటే, మనం అలవాటును ఎంచుకునేటప్పుడు దాని అందమైన రూపాన్ని ఎంచుకుంటాం. నిలిచేది చాలాసార్లు దాని బీద చుట్టం.

అసలు ఇబ్బంది టైముతో వచ్చింది. మాకు 'ఏ' షిఫ్టు ఉదయం ఆరింటికి, బీ షిఫ్టు మధ్యాహ్నం రెండింటికి, సీ షిఫ్టు రాత్రి పదింటికి. "రోజూ ఐదున్నరకి నడవాలి" అనే సలహా మాలాంటివాళ్లకి పనికిరాదు. ఐదున్నరకి ఒక వారం నేను డ్యూటీకి పోతూ ఉంటాను, ఇంకో వారం గాఢ నిద్రలో ఉంటాను, మరో వారం డ్యూటీలోనే ఉంటాను. గడియారాన్ని వదిలేసి, ఏ షిఫ్టులోనైనా నేను తప్పకుండా చేసే పని ఏంటా అని వెతికాను. టీ దొరికింది. 'ఏ' షిఫ్టులో మధ్యాహ్నం పడుకుని లేచాక టీ తాగుతాను. బీ షిఫ్టులో పొద్దున్నే టీ. సీ షిఫ్టులో రాత్రంతా మేలుకుని వచ్చి, పడుకుని, మూడింటికి లేచాక టీ. గ్లాసు సింకులో పెట్టడం, చెప్పుల స్టాండు దగ్గరికి వెళ్లి బూట్లు వేసుకోవడం. ఇదే నా మొదటి ముడి. మధ్యలో ఇంకో పని లేదు, ముఖ్యంగా సోఫా లేదు. సోఫాలో కూర్చుంటే ఫోన్, ఫోన్ తీస్తే ఇక అయిపోయినట్టే.

సీ షిఫ్టు దిగి ఇంటికి వచ్చేటప్పుడే నడిచేయొచ్చు కదా అని మా ఆవిడ అంది. నాకైతే ఆ ఎండలో నడిచి వస్తే పగలు నిద్ర పట్టదు. ఇలాంటివి ఎవరికి వాళ్లే చూసుకోవాలి.

రెండో ముడి, నా దృష్టిలో మొదటిదానికంటే ముఖ్యమైనది, చెడ్డ రోజు కోసం వేసుకోవాల్సిన ముడి. అందరూ మంచి రోజుని ఊహించుకుని ప్లాన్ వేస్తారు. మీ కాగితం కూడా అంతే: జలుబు చేయదు, కరెంటు పోదు, ఊరి నుంచి ఫోన్ రాదు, రూమ్మేట్ పుట్టినరోజు రాదు. మే నెలలో మన ఊరి ఉక్కపోతకి చొక్కా వేసుకోగానే తడిసిపోతుంది. అక్టోబరు వచ్చిందంటే బంగాళాఖాతంలో వాయుగుండం వార్తలే. 2014లో హుద్‌హుద్ తుపాను వచ్చినట్టు వస్తే ఎవరూ నడవరు, అది వేరు. మామూలు వానకి ఏం చేయాలో ముందే రాసిపెట్టుకున్నాను: వాన పడితే అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పది నిమిషాలు. ఓవర్‌టైమ్ పడితే కూడా అదే పది నిమిషాలు. జ్వరం వస్తే సెలవు, జ్వరం తగ్గిన మర్నాడు మళ్లీ పది నిమిషాలతో మొదలు. ఆ పది నిమిషాల వల్ల ఒంట్లో షుగర్ ఎంత తగ్గుతుందని కాదు. పెద్దవాళ్లకి వారానికి కనీసం 150 నిమిషాలు నడక లాంటి వ్యాయామం కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది, పది నిమిషాలు ఆ లెక్కలో చిన్నవే. కానీ "ఈ రోజు వెళ్లాలా వద్దా" అనే చర్చ మనసులో మొదలవదు. ఆ చర్చ మొదలైందంటే ఓడిపోయేది ఎప్పుడూ నడకే.

ఒక్క రోజు తప్పితే మొత్తం పోయినట్టు అనిపిస్తుందని, వచ్చే నెల ఒకటో తారీఖు దాకా ఆగుతానని రాశారు. అలా ఆగకండి. లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పన్నెండు వారాలు గమనించి 2009లో ఫలితాలు ప్రకటించింది. అలవాటు దానంతటదే జరిగిపోయే స్థాయికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉండొచ్చని అంచనా వేశారు. మధ్యలో ఒకసారి తప్పినంత మాత్రాన పెద్ద నష్టం కనిపించలేదు. 21 రోజుల్లో ఏ అలవాటైనా వచ్చేస్తుందని చెప్పేవాళ్లను పట్టించుకోకండి. 22వ రోజున కూడా కష్టంగానే ఉంటే మీలోనే ఏదో లోపం ఉందనిపించి ఊరికే టెన్షన్ పడతారు.

వాట్సాప్ స్టేటస్‌లో "ఈ రోజు నుంచి కొత్త నేను" అని పెట్టడం గురించి కూడా అడిగారు. పెట్టకండి. గోల్‌విట్జరే 2009లో ఇంకొందరితో కలిసి లా విద్యార్థుల మీద ఒక ప్రయోగం చేశారు. తాము ఏం చేయబోతున్నామో పక్కవాళ్లకు తెలిసిన విద్యార్థులు తర్వాత పనిలో తక్కువ కష్టపడ్డారు. చెప్పగానే సగం అయిపోయినట్టు అనిపిస్తుంది కాబోలు. నేను ఒక్కరికే చెప్పాను, నాతో నడిచే మనిషికి. ఇద్దరిదీ ఒకే షిఫ్టు, పక్క బ్లాక్. ఆయన "వస్తావా తమ్ముడూ?" అని ఎప్పుడూ అడగడు. "కింద ఉన్నాను, దిగు" అంటాడు. ఆ ఒక్క మాట నన్ను చాలాసార్లు కిందికి దింపింది.

డబ్బు దాచడం గురించి ఒక ముక్క, మీరు అడగకపోయినా. దాంట్లో నాకు డిసిప్లిన్ సున్నా. జీతంలో పీఎఫ్‌కి అదనంగా వీపీఎఫ్ (మన ఇష్టంతో ఎక్కువ కట్టే పీఎఫ్) కట్ చేయమని ఒకసారి లెటర్ ఇచ్చాను, అంతే. చేతికి రాని డబ్బు ఖర్చు పెట్టలేను. ఒకసారి చేస్తే సరిపోయే పనులను రోజూ చేసే పనులుగా మార్చుకుని కష్టపడేవాళ్లను చూస్తే నవ్వొస్తుంది. మీ ఫోన్ సమస్య కూడా ఈ కోవలోదే. రోజూ దాన్ని ముట్టుకోకుండా నిగ్రహించుకోవడం కంటే, రీల్స్ వచ్చే యాప్‌లు తీసేసి, లైబ్రరీకి వెళ్లేటప్పుడు కాల్స్ మాత్రమే వచ్చే చిన్న ఫోన్ పట్టుకెళ్లండి.

ఇక చదువు. మా బావమరిది గ్రూప్స్‌కి చదివేటప్పుడు ద్వారకానగర్‌లో పౌర గ్రంథాలయానికి వెళ్లేవాడు. మొదట్లో "పొద్దున్నుంచి రాత్రిదాకా చదువుతాను" అనేవాడు, ఆచరణలో పదకొండింటికి టీ బడ్డీ దగ్గర కనిపించేవాడు. తర్వాత పద్ధతి మార్చాడు. రాత్రి లైబ్రరీ నుంచి లేచేముందు మర్నాటి మొదటి పని చీటీ మీద రాసి పుస్తకంలో పెట్టేవాడు: పాత ప్రశ్నపత్రం నుంచి పాలిటీ పది ప్రశ్నలు, నంబర్లతో సహా. పొద్దున కుర్చీలో కూర్చోగానే ఆ పదీ చేశాకే వాటర్ బాటిల్ మూత తీయాలని నియమం. "ఏం చదువుదాం" అని సిలబస్ తిరగేయడానికి వీల్లేదు. పది ప్రశ్నలు అయ్యేసరికి ఎలాగూ కూర్చున్నాడు కాబట్టి ఇంకో గంట సాగేది. గ్రూప్-2 రాలేదు, ఉన్నదున్నట్టు చెబుతున్నాను. వార్డు సచివాలయంలో ఉద్యోగం వచ్చింది.

మీ కాగితం మీద నాలుగు ఉన్నాయి. మూడు కొట్టేయండి. చదువు ఉంచండి. దానికి ఏ పని అయ్యాక మొదలో, ఏ కుర్చీలోనో, మొదటి పది నిమిషాల్లో ఏం చేస్తారో, ఒంట్లో బాగోలేని రోజున కనీసం ఎంతో రాయండి. పరుగు రెండు నెలల తర్వాత చూసుకుందాం, బీచ్ ఎక్కడికీ పోదు.

నాలుగింటికి లేవడం తప్పనిసరా అని చివర్లో అడిగారు. కాదు. రాత్రి పన్నెండు దాకా మీ రూమ్‌లో మాటలు సాగుతాయని మీరే రాశారు. అలాంటప్పుడు నాలుగింటికి లేస్తే నాలుగు గంటల నిద్ర, మధ్యాహ్నం పుస్తకం మీద తల వాల్చడం. ఆరున్నరకి లేవండి. స్నానం, టిఫిన్ అయ్యి ఎనిమిదిన్నరకి టేబుల్ దగ్గర కూర్చుంటే చాలు. ఆ రూమ్‌లో పన్నెండు లోపు లైటు ఆపడం వీలవుతుందేమో రూమ్మేట్‌తో ఈ ఆదివారమే మాట్లాడండి.